మనోళ్ళు గెలిస్తే న్యాయం: ఈ-స్పోర్ట్స్ అభిమానికి ఆచరణ సూత్రాలు

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు వెళ్ళే ఒకే రైలు దారిలో ఉన్న ఊళ్ళు. ఈ మూడింట్లో ఎక్కడైనా సాయంత్రం పూట ఫోను అడ్డంగా పట్టుకుని కూర్చున్న కుర్రాడు కనిపిస్తే, అతను బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అనే కాల్పుల ఆట ఆడుతూ ఉండాలి, లేదా ఆడేవాళ్ళను చూస్తూ ఉండాలి. ఆడేవాళ్ళకు గురి ఎలా కుదరాలో, జోన్‌లోకి ఎప్పుడు కదలాలో నేర్పే వీడియోలు బోలెడున్నాయి. చూసేవాళ్ళకే దిక్కు లేదు. ఫైనల్ అయిపోగానే "అన్యాయం" అనాలో, "ఆటంటే ఇదీ" అనాలో తేల్చుకోలేక ఎంతోమంది గొంతు వృథా చేసుకుంటున్నారు. ఈ సూత్రాలు వాళ్ళ కోసం. శ్రద్ధగా పాటిస్తే మీ జట్టు ఇక ఎప్పుడూ ఓడిపోదు. ఓడించబడుతుంది, అంతే.

సూత్రం 1: జట్టును ఎంచుకునేటప్పుడు ఆట చూడొద్దు

ఆట చూసి జట్టును ఎంచుకుంటే, ఆట చెడిన రోజు జట్టును వదిలేయాల్సి వస్తుంది. అంత చంచలమైన మనసు అభిమానికి పనికిరాదు. అందుకే పేరున్న ఆటగాణ్ణి చూసుకోండి. 'మోర్టల్' నమన్ మాథుర్ పేరు మీద సోల్ జట్టు, జొనాథన్ అమరల్ పేరు మీద గాడ్‌లైక్, 'స్కౌట్' తన్మయ్ సింగ్ పేరు మీద ఎక్స్‌స్పార్క్. మోర్టల్ పోటీ జట్టు నుంచి తప్పుకుని చాలా కాలమైంది కదా అని ఎవరైనా అంటే, వాడికి అభిమానం గురించి ఏమీ తెలియదని జాలిపడండి.

హిందూపురం వాళ్ళకు ఈ సూత్రం విడిగా చెప్పక్కర్లేదు. 1985, 1989, 1994లో ఎన్టీఆర్‌ను, 2014, 2019, 2024లో బాలకృష్ణను అసెంబ్లీకి పంపిన ఊరికి అభిమానం గురించి ఎవరు పాఠం చెప్పగలరు?

సూత్రం 2: న్యాయాన్ని ఊరిని బట్టి తీసుకోండి

న్యాయం ఒకటే ఉంటుందనుకునేవాళ్ళు మన జిల్లా పుట్టినప్పుడు నిద్రపోతున్నట్టున్నారు. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. జిల్లా కేంద్రం పుట్టపర్తికి వెళ్ళింది. ఆ మాట బయటికి వచ్చినప్పుడే హిందూపురం ఊరుకోలేదు. పెద్ద ఊరు మాది, వ్యాపారం మాది, లోక్‌సభ స్థానానికి పేరు మాది, మరి కేంద్రం వాళ్ళకా అని రోడ్డెక్కింది. బాలకృష్ణ మౌనదీక్ష కూడా చేశారు. ఒక ఊరి పేరు ప్రపంచానికంతా తెలుసు, ఇంకో ఊరికి జనం ఎక్కువ. ఈ రెంటిలో దేనికి పెద్ద పీట వేయాలన్నదే ఈ-స్పోర్ట్స్ అభిమానుల మధ్య రోజూ నడిచే తగాదా కూడా.

తగాదా మూలం ఇది. పెద్ద టోర్నమెంట్లలో కింది నుంచి వచ్చే జట్లు అర్హత పోటీల వడపోతలన్నీ దాటాలి. పేరున్న జట్లు కొన్ని ఆహ్వానం మీద నేరుగా పై రౌండ్లలో దిగుతాయి. నిర్వాహకుల లెక్క సూటిగానే ఉంటుంది. చూసేవాళ్ళుంటే స్పాన్సర్లు వస్తారు, స్పాన్సర్లు వస్తే ప్రైజ్ మనీ వస్తుంది, పేరున్న జట్టు లేకపోతే చూసేవాళ్ళు రారు. కింది జట్లది ఇంకో లెక్క. పేరు రావాలంటే పెద్ద వేదిక ఎక్కాలి, వేదిక ఎక్కాలంటే ముందు పేరుండాలి. దీన్ని తేల్చడానికి మన ప్రాంతంలోనే మూడు రకాల న్యాయం దొరుకుతుంది. అవసరాన్ని బట్టి వాడుకోండి.

పెనుకొండ న్యాయం: 1565లో తళ్ళికోట యుద్ధం ముగిశాక విజయనగర రాజులు కొలువు తీరింది పెనుకొండలో. ఒకప్పుడు రాజధాని అంటే ఎప్పటికీ రాజధానే. మీ జట్టు ఎప్పుడో ఒక కప్పు గెలిచి, ఇప్పుడు రోజూ పదమూడో స్థానంలో తేలుతుంటే ఈ న్యాయం పట్టుకోండి. "చరిత్ర ఉన్న జట్టును క్వాలిఫయర్ ఆడమంటారా?" అని అడగండి.

హిందూపురం న్యాయం: జనం ఎటుంటే న్యాయం అటే. మీ జట్టుకు కప్పు లేదు గానీ లైవ్‌లో లక్షలమంది ఉంటే ఇది వాడాలి. "మేం లేకపోతే ఈ టోర్నమెంటు ఎవరు చూస్తారు?" అన్న ఒక్క ప్రశ్నతో ఎదుటివాడి నోరు మూతపడుతుంది.

ధర్మవరం న్యాయం: ఎవరు నేస్తే వాళ్ళకు కూలి. పట్టుచీర ఎవరి అంగడి పేరు మీద అమ్ముడైనా మగ్గం మీద కూర్చున్నది ఎవరో ధర్మవరానికి తెలుసు. కష్టపడ్డ జట్టుకే ఫలం దక్కాలన్న ఈ న్యాయం వినడానికి బాగుంటుంది. కాబట్టి ఎదుటి జట్టుకు ఆహ్వానం వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీయండి.

సూత్రం 3: పాయింట్ల పద్ధతిని ఫలితం వచ్చాకే విమర్శించాలి

ఇప్పటి పద్ధతిలో మ్యాచ్ గెలిస్తే 10 పాయింట్లు, రెండో స్థానానికి 6, మూడుకు 5, నాలుగుకు 4, అయిదుకు 3, ఆ తర్వాత ఇంకా తక్కువ. ఒక్కో కిల్‌కు 1. చివరిదాకా నక్కినక్కి, రెండే కిల్స్‌తో చికెన్ డిన్నర్, అంటే మ్యాచ్ విజయం, కొట్టిన జట్టుకు 12 వస్తాయి. పది మందిని చంపి అయిదో స్థానంలో పోయిన జట్టుకు 13 వస్తాయి. అంటే మ్యాచ్ గెలిచినవాడి కంటే మధ్యలో చచ్చినవాడు పట్టికలో పైన ఉంటాడు.

ఇందులో న్యాయం ఉందా లేదా అన్నది గంభీరమైన ప్రశ్నే. 2021 నాటి టోర్నమెంట్లలో మొదటి స్థానానికి 15 ఉండేవి. దాన్ని 10కి దించడంతో నక్కే ఆట విలువ తగ్గి, కొట్లాడే ఆట విలువ పెరిగింది. చూసేవాళ్ళకూ కొట్లాటే ఇష్టం. న్యాయం కోసం మార్చారా, జనం కోసం మార్చారా? రెండింటికీ అని చెప్పేవాళ్ళను దగ్గరికి రానివ్వద్దు. మీ జట్టు నక్కే రకమైతే "తెలివికి విలువ లేదు" అనండి. దూకే రకమైతే "ధైర్యానికి ఇప్పుడు కదా విలువ వచ్చింది" అనండి. టోర్నమెంటు మొదలవకముందు మాత్రం ఏమీ అనొద్దు. ముందే ఒప్పుకున్న పద్ధతి తర్వాత అడ్డం తిరుగుతుంది.

సూత్రం 4: ఓటమికి జోన్‌ను, గుర్తింపు లేకపోవడానికి కెమెరాను తప్పుపట్టండి

ఆటలో బతకాలంటే లోపలే ఉండాల్సిన వలయం జోన్. అది ఎటు కుంచించుకుంటుందో ముందే ఎవరికీ తెలియదు. అందుకే ఒక్క మ్యాచ్‌తో తేల్చకుండా రోజుల తరబడి ఆడించి మొత్తం పాయింట్లు కూడతారు. అదృష్టం ఒకరోజు ఒకరికి, ఇంకోరోజు ఇంకొకరికి దక్కుతుందని ఆశ. ఈ సంగతి అభిమానికి అనవసరం. అతను మాట్లాడాల్సిన తీరు హిందూపురంలో ఒక టీకొట్టు దగ్గర, ఉగ్గాని పొట్లం చేతిలో ఉండగా, ఇలా ఉంటుంది:

"ఏమప్పా, మీ జట్టు రాత్రి మళ్ళా జోన్ బయటే సచ్చిపోయినారంట?"

"జోన్ అట్ల తిప్పితే ఎవరైనా సస్తారన్నా. కావాలనే చేసినారు."

"మొన్న మీరు గెలిచినప్పుడు గూడా అట్లనే తిరిగె గదప్పా?"

"మొన్నది ఆట అన్నా. ఇది మోసం."

ఈ చివరి మాట కంఠతా పట్టండి. ఎక్కడికైనా సరిపోతుంది.

ఇక కెమెరా. ఒక లాబీలో 16 జట్లు, 64 మంది ఆటగాళ్ళు. మనం చూసే తెర ఒక్కటే. ఏ క్షణంలో ఎవరి వైపు తిప్పాలో నిర్ణయించేది అబ్జర్వర్లు. మ్యాప్‌లో నాలుగు మూలలా కొట్లాట జరుగుతుంటే వాళ్ళ చెయ్యి సహజంగానే జనం ఎదురుచూసే పేరు వైపు పోతుంది. పేరు లేని కుర్రాడు ఒంటరిగా ముగ్గురిని పడగొట్టినా ఆ ముక్క రీప్లేలో వస్తే అదే మహాభాగ్యం. పేరున్నవాడు గ్రెనేడ్ విసిరి తన కాళ్ళ దగ్గరే పేల్చుకున్నా లైవ్‌లో చూస్తాం. తెర మీద కనబడనివాడికి పేరు రాదు, పేరు రానివాడు తెర మీద కనబడడు. అభిమాని దీన్ని ఎత్తి చూపాల్సింది తన జట్టు కనబడనప్పుడే. కనబడుతుంటే అది అబ్జర్వర్ల వృత్తి నైపుణ్యం.

సూత్రం 5: అభిమానాన్ని రశీదుతో రుజువు చేయండి

బీజీఎంఐలో ప్రతి ఆటగాడి ప్రొఫైల్‌కూ పాపులారిటీ అని ఒక అంకె ఉంటుంది. అభిమానులు కానుకలు పంపితే అది పెరుగుతుంది. ఆటలో చెల్లే యూసీ కరెన్సీ పెట్టి కొన్న కానుకలైతే ఇంకా జోరుగా పెరుగుతుంది. ఎవరి పాపులారిటీ ఎక్కువో తేల్చే పాపులారిటీ బ్యాటిల్ కూడా ఆటలోనే ఉంది. గురితో పని లేదు, జోన్ బెడద లేదు. నాన్న ఫోన్‌పే ఉంటే చాలు. మనసులోని అభిమానాన్ని కొలవలేరని కవులు అంటుంటారు. కంపెనీలు కొలుస్తున్నాయి.

ఇంట్లో పట్టుబడితే "ఇది జూదం కాదు, ఈ-స్పోర్ట్స్" అని చెప్పండి. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం క్రీడగా గుర్తించింది. చట్టం ఆటగాడిని గుర్తించింది గానీ, వాడికి డిజిటల్ పూలదండలు కొన్న కొడుకును గుర్తించలేదని నాన్న అంటే, దానికి సూత్రం మా దగ్గర లేదు.

సూత్రం 6: విజేతల జాబితా చదవొద్దు

ఇది చాలా ప్రమాదకరం. దేశంలో పెద్ద పోటీ అయిన బీజీఐఎస్ తీసుకోండి. 2021 పోటీని స్కైలైట్జ్ గేమింగ్ గెలిచింది. 2022 జులై 28న ఆటనే స్టోర్ల నుంచి తీసేశారు, 2023 మే నెలలో మళ్ళీ తెచ్చారు. పిల్లలకు రోజుకు 3 గంటలు, పెద్దలకు 6 గంటలు అన్న పరిమితితో వచ్చింది. వాదనకు ఏ పరిమితీ పెట్టలేదు, అదొక్కటే ఊరట. 2023లో గ్లాడియేటర్స్ గెలిచింది. 2024 జూన్ 28 నుంచి 30 దాకా మన హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగిన ఫైనల్స్‌ను ఎక్స్‌స్పార్క్ గెలిచింది. 2025లో కోల్‌కతాలో టీఎంజీ గేమింగ్.

నాలుగు పోటీలు, నలుగురు విజేతలు. పేరున్న ఎక్స్‌స్పార్క్ గెలిచింది కాబట్టి అంతా పేరున్నవాళ్ళకే అనుకుందామంటే, అంత పేరు లేని స్కైలైట్జ్ కూడా గెలిచింది. పేరు లేనివాళ్ళు గెలిచారు కాబట్టి ఆహ్వానాలతో నష్టం లేదనుకుందామంటే, వడపోతల్లోనే ఆగిపోయినవాళ్ళ పేర్లు ఏ జాబితాలోనూ ఉండవు. ఇలాంటి జాబితా ఏ వాదననూ పూర్తిగా బలపరచదు. అభిమానికి ఇంతకంటే కీడు లేదు. వెంటనే మూసేయండి.

సూత్రం 7: ఇద్దరూ మనోళ్ళే అయితే మాట మార్చండి

ఈ సంకటం చదరంగంలో వచ్చింది. చదరంగమూ ఇప్పుడు ఈ-స్పోర్ట్సే. 2025లో రియాద్ ఈ-స్పోర్ట్స్ ప్రపంచ కప్‌లో దాన్ని చేర్చారు. వరంగల్లు బిడ్డ అర్జున్ ఇరిగేశి జెన్‌జీ అనే ఈ-స్పోర్ట్స్ క్లబ్బు తరఫున ఆడి నాలుగో స్థానంలో నిలిచాడు. కార్ల్‌సన్ గెలిచాడు. ఒక్కో ఆటగాడికి 10 నిమిషాలు, ఎత్తు ఎత్తుకూ కలిసే సెకన్లు లేవు. చూడ్డానికి ఉత్కంఠ, ఆలోచించడానికి కరువు. అర్జున్ నాలుగో స్థానానికి సాకుగా ఈ గడియారం చాలు, మన వాదనకు ఇంకేం కావాలి?

అసలు చిక్కు అంతకుముందుది. 2023 డిసెంబరులో చెన్నై గ్రాండ్ మాస్టర్స్ టోర్నమెంటు జరిగింది. ఏడు రౌండ్లయ్యాక గుకేశ్‌కూ అర్జున్‌కూ చెరి 4.5 పాయింట్లు. టైబ్రేక్ లెక్కలో కప్పు గుకేశ్‌కు దక్కింది. అక్కడ వచ్చిన ఫిడే సర్క్యూట్ పాయింట్లు అతన్ని ప్రపంచ కిరీటానికి పోటీదారుణ్ని తేల్చే క్యాండిడేట్స్‌కు చేర్చాయి. అది గెలిచి, 2024 డిసెంబరులో ప్రపంచ విజేత అయ్యాడు. ఏడాది చివర్లో హడావుడిగా టోర్నమెంటు పెట్టడం సబబేనా అని చదరంగం లోకంలో పెద్ద చర్చే నడిచింది.

మనం ఎటు నిలబడాలి? అర్జున్ మనోడు. గుకేశ్ చెన్నైలో పుట్టినా తెలుగింటి బిడ్డ, అతనూ మనోడే. అన్యాయం అంటే గుకేశ్‌ను అన్నట్టు, న్యాయం అంటే అర్జున్‌ను మరిచినట్టు. ఇదే టోర్నమెంటులో ఒక పక్క మనోడు, ఇంకో పక్క పరాయివాడు ఉండుంటే నిబంధనల పుస్తకం అర్ధరాత్రి దాకా తిరగేసి ఉండేవాళ్ళం. ఇద్దరూ మనోళ్ళు కావడంతో నిబంధనల మీద మనకున్న ఆసక్తి అంతా ఒక్కసారిగా ఆవిరైపోయింది. ఇలాంటప్పుడు "ఎవరు గెలిచినా తెలుగువాళ్ళే" అని చెప్పి టీ చెప్పండి. న్యాయం గురించి మళ్ళీ పగవాడు దొరికినప్పుడు మాట్లాడుకుందాం.

సూత్రం 8: ఊళ్ళో కుర్రాళ్ళ ఆట అస్సలు చూడొద్దు

ధర్మవరంలో నలుగురు కుర్రాళ్ళు బహిరంగ అర్హత పోటీలకు పేరు ఇచ్చారనుకోండి. ఒకడి ఇంట్లో పగలంతా మగ్గం ఆడుతుంది, సందడి లేని మూల కావాలంటే మిద్దెక్కాలి. ఏప్రిల్ ఎండకు ఫోను వేడెక్కి ఆట తడబడుతుంది కాబట్టి టేబుల్ ఫ్యాను వాడికి కాకుండా ఫోనుకు తిప్పి పెడతారు. మూడో మ్యాచ్‌లో కరెంటు పోయి, వైఫై పోయి, మొబైల్ డేటాకు మారేలోపు వాడి పింగ్, అంటే నెట్ జాప్యం, అమాంతం పెరుగుతుంది. ఎదుటివాడు గోడ చాటు నుంచి బయటికి రావడం వీడి తెర మీద కనబడేసరికి వీడు పడిపోయి ఉంటాడు. ముగ్గురితో మిగిలిన జట్టు ఎన్నో స్థానంలో పోయిందో రాసి పెట్టుకునేవాళ్ళు ఉండరు. బూట్‌క్యాంపులో ఏసీ గదిలో కూర్చుని, కోచ్ చెప్పింది వింటూ, మంచి నెట్ మీద ప్రాక్టీసు మ్యాచ్‌లు ఆడే జట్టుకూ వీళ్ళకూ పాయింట్ల పట్టిక మాత్రం ఒకటే.

ఇది అభిమానికి సంబంధించిన అన్యాయం కాదు. దీని మీద వాదించడానికి ఎదుటి జట్టు లేదు, తిట్టడానికి పేరు లేదు, పంచుకోవడానికి క్లిప్ లేదు. కాబట్టి తొందరపడొద్దు. ఆ నలుగురూ ఎలాగో వడపోతలు దాటి, పెద్ద తెర మీద కనబడి, ఒక కప్పు కొట్టేదాకా ఓపిక పట్టండి. అప్పుడు "చిన్నప్పటి నుంచీ తెలుసు, మనోళ్ళే" అని స్టేటస్ పెట్టండి. మరుసటి ఏడాది వాళ్ళకు నేరుగా ఆహ్వానం వస్తుంది. అది అన్యాయమని హిందూపురంలో ఇంకో నలుగురు కుర్రాళ్ళు, మిద్దె మీద ఫోనుకు ఫ్యాను పెట్టుకుని కూర్చుని, అడుగుతారు. వాళ్ళకు పెనుకొండ న్యాయం వినిపించండి.