మేనల్లుని సందేశము – టీకా తాత్పర్య సహితము

మూలము:

“మామయ్యా, మొత్తం మైగ్రేట్ చేసేశా. నీట్‌గా ఆర్గనైజ్ చేసేశా. డూప్లికేట్లన్నీ తీసేశా. ఇక మీరేం టెన్షన్ పడక్కర్లేదు.”

అవతారిక:

గడచిన సంక్రాంతి సెలవులలో మా యింటికి వచ్చిన మేనల్లుడు, పదునాలుగేండ్లుగా నా బల్లమీద గురకపెట్టుచునే పనిచేయుచున్న పాత కంప్యూటరును చూచి జాలిపడి, అందలి పాటలను, పద్యములను, ఫొటోలను, పెండ్లి వీడియోలను క్రొత్త కంప్యూటరులోనికి చేరవేయుటకు తనంతట తానే పూనుకొని, రెండు రాత్రులలో ఆ కార్యమును ముగించి, మూడవనాటి యుదయమున రైలెక్కి, బండి కదలిన పిమ్మట నాకు పంపిన వాట్సాప్ సందేశమిది. నాలుగు వాక్యములే యైనను దీని గాంభీర్యము సామాన్యమైనది కాదు. మూడు వారములుగా నేను దీనినే చదువుచున్నాను. చదివిన కొలదియు, ఇది వరకు తోచని యర్థమొకటి తోచుటయు, ఇది వరకు కనబడుచుండిన ఫైలు కనబడకుండుటయు, రెండును జరుగుచున్నవి.

మెదకు సీమలోని కొల్చారమున వెలసిన మల్లినాథసూరి, కాళిదాసుని మేఘసందేశాదులకు సంజీవనీ వ్యాఖ్యను వ్రాసిన మహానుభావుడు, మూలాధారము లేనిది వ్రాయననియు, అక్కఱలేనిది పలుకననియు ప్రతిజ్ఞ చేసికొనెను. అందు మొదటి సగమును నేనును పాటింతును. రెండవ సగమును గూర్చి మాట యీయజాలను.

ప్రతిపదార్థము:

మామయ్యా = ఓ మామయ్యా. సంబోధన ప్రథమా విభక్తి. పెద్దవానిని ముందుగా పిలిచి, పిదప కీడు విన్నవించుట శిష్టాచారము. మొత్తం = సుగమము.

మైగ్రేట్ = వలస. నెల్లూరు సీమలోని నేలపట్టునకు గూడబాతులు వచ్చును, పిల్లలను పెంచుకొని మరలిపోవును, అదియు వలసయే. పాలమూరునుండి కూలికి పోయినవారిది మఱియొక విధమగు వలస. వారు చెంబును, చాపను, పొయ్యిరాళ్లకు బదులు ఇనుపకుంపటిని మూటగట్టుకొని పోయిరి గాని, తమ పేర్లను మాత్రము ఊరి రచ్చబండపై విడిచి పోలేదు. మా యింట జరిగిన వలసలో శరీరములన్నియు క్రొత్త యూరికి చేరినవి, పేర్లు పాత యూరిలో నిలిచిపోయినవి. నూట యెనుబదియేడు పాటలకు ఇప్పుడు “ట్రాక్ 01” అనియే నామధేయము.

చేసేశా. ఇది మూలమునకు ప్రాణభూతమైన పదము కావున ఇచట కొంత నిలువవలసియున్నది. చేసి + వేసితిని = చేసివేసితిని; వ్యవహారమున చేసేశాను; తొందరపాటున చేసేశా. ఇందు ‘వేయు’ అనునది క్రియాసమాప్తిని తెల్పు సహాయక్రియ యని వైయాకరణులు సెలవిత్తురు. నిజమే. కాని తెలుగువాడు ఈ ‘వేయు’ను ఎచ్చటెచ్చట వాడునో చూడుడు: తగులబెట్టివేసెను, మ్రింగివేసెను, కూలద్రోసివేసెను, అమ్మివేసెను. ధాతువునకు విసరుట యను తొలి యర్థము ఎంత అరిగినను లోలోపల మిగిలియే యున్నది. దీనికి ప్రతిగా మన భాషలో ‘పెట్టు’ అను మఱియొక సహాయక్రియ కలదు: వండిపెట్టినది, వ్రాసిపెట్టినాడు, దాచిపెట్టినది, కనిపెట్టియున్నాడు. అందు ఎదుటివానికొఱకు చేయుటయు, చేసినదానిని ఒకచోట పదిలముగా నుంచుటయు స్ఫురించును. “వండిపెట్టినది” అనిన విస్తరి కనబడును, “వండివేసినది” అనిన విసుగు వినబడును. మా మేనల్లుడు తన నాలుగు వాక్యములలో మూడుసార్లు వేసినాడు, ఒక్కసారియు పెట్టలేదు.

నీట్‌గా. నా పూర్వపు అమరిక ఇట్లుండెడిది: ‘అన్నవరం, కొండమీద వాన’ అని యొక ఫోల్డరు, ‘చెల్లి పెండ్లి, అప్పగింతలు’ అని యొకటి, ‘వీరెవరో అత్తయ్యనడగవలెను’ అని యొకటి. ఇప్పుడు సంవత్సరములు, వాని కడుపులో 01 మొదలు 12 వఱకు మాసములు. చూపునకు సైనికుల కవాతువలె నున్నది. అయితే బ్యాటరీ తీసినపుడెల్ల తేదీని మఱచి 2000 జనవరి 1కి వెడలిపోవుట మా పాత కెమెరాకు జన్మసిద్ధమైన జబ్బు. తత్ఫలితముగా మా చెల్లెలి పెండ్లియు, అన్నకొడుకు ఒడుగును, చిన్నమ్మ గృహప్రవేశమును నేడు ఒకేనాడు, అదియు నిండు ధనుర్మాసమున జరిగినట్లు నమోదైనవి. ముహూర్తము పెట్టిన పురోహితుడు వినిన ఏమనుకొనునో! వాట్సాప్‌లో వచ్చు చిత్రములు తీసిన తేదీని దారిలోనే పోగొట్టుకొని వచ్చును గనుక, అవి యన్నియు ఈ సంక్రాంతికే పుట్టినవి. అత్తయ్యనడుగవలసిన ఫొటోలు ఏ నెలలో కలసిపోయినవో, వానిని వెదకుటకు ఇప్పుడు ఏ మాటయు లేదు.

ఆర్గనైజ్. ఈ పదమునకు అర్థము చెప్పుటకు ముందు, పాట తన పేరును ఎచట దాచుకొనునో చెప్పవలెను. మనుష్యునకు బ్రహ్మ నుదుట వ్రాయును. ఎంపీ3 పాటకు 1996లో ఏర్పడిన ఐడీ3 అను పద్ధతియందు ఆ వ్రాత తోకన వ్రాయబడెను. 1998లో వచ్చిన రెండవ సంస్కరణమున గాని అది తలకెక్కలేదు. తొలి పద్ధతిలో ఆ తోకకు సరిగా 128 బైట్లు: ‘టాగ్’ అని సూచించు మంగళాచరణమునకు 3, పాట పేరునకు 30, గాయకునికి 30, ఆల్బమునకు 30, సంవత్సరమునకు 4, వ్యాఖ్యకు 30, జాతికి 1. వ్యాఖ్యకు ముప్పది బైట్లు! మల్లినాథుని ప్రతిజ్ఞను ఇంత నిష్ఠగా పాటించిన శాస్త్రము మఱియొకటి లేదు.

ఇందొక ఛందోవిశేషము. ఆంగ్లాక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగునకు యూనికోడులో 1991 నుండియు 128 స్థానముల యగ్రహారము కలదు గాని, నేడు సర్వత్ర వాడుకలోనున్న యుటిఎఫ్-8 అను లేఖనపద్ధతిలో మన అచ్చునకు గాని, హల్లునకు గాని, గుడిదీర్ఘమునకు గాని, సున్నకు గాని, పొల్లునకు గాని, దేనికైనను మూడేసి బైట్లు కావలెను. కావున ఆ పాత గడిలో తెలుగువానికి దక్కునది పది చిహ్నములే. ‘త్యాగరాజు’ అని వ్రాసితిమా, త, పొల్లు, య, దీర్ఘము, గ, ర, దీర్ఘము, జ, కొమ్ము: తొమ్మిది చిహ్నములు, 27 బైట్లు. సుఖముగా పట్టును, నాదబ్రహ్మోపాసకునికి గృహము చిన్నదైనను ఇబ్బంది లేదు. ‘ఘంటసాల వెంకటేశ్వరరావు’ అని వ్రాసిచూడుడు. ఘంటసాలకు 18, నడుమ ఖాళీకి 1, ‘వెం’ అనుటకు 9, వెరసి 28. మిగిలినవి రెండు బైట్లు. అందు కకారము మూడింట రెండు వంతులు మాత్రమే పట్టి, తక్కిన వంతు గోడకావల పడిపోవును. ఆ తెగిన కకారమును తెరమీద ప్రశ్నార్థకపు గుర్తు పెట్టిన నల్లని వజ్రాకారమొకటి సూచించును. ఇట్టి యతిభంగము ఏ లాక్షణికుడును ఊహింపలేదు. అదే పేరును ఆంగ్లలిపిలో వ్రాసిన 27 బైట్లలో ముగిసి మూడు మిగులును. నాటినుండి నేటివఱకు మన పాటల పేర్లు ఆంగ్లలిపిలోనే తిరుగుచుండుటకు పరభాషా వ్యామోహ మొక్కటే కారణమని నిందించువారు ఈ లెక్కను కూడ చూడవలెను.

ఇక జాతికి కేటాయించిన ఆ ఒక్క బైటు సంగతి. తొలి పట్టికలో 0 నుండి 79 వఱకు ఎనుబది సంగీతజాతులు కలవు. డిస్కోకు పీట కలదు, పోల్కాకు పీట కలదు. జానపదమునకు లేదు! పిదప విన్‌యాంప్ వారు పట్టికను పెంచినపుడు గాని దానికి 80వ సంఖ్య దొరకలేదు. హరికథ యేది? బుర్రకథ యేది? అర్ధరాత్రివేళ పెట్రోమాక్సు దీపముక్రింద “వన్స్ మోర్” లందుకొని పాడిన రంగస్థలపద్యమేది? వీరందఱును 12వ సంఖ్యగల ‘ఇతరము’ అను సత్రమున కాలుమీద కాలు వేసికొని పరుండవలసినదే.

మేనల్లుని మఱచితిమి. అతడు నడిపిన యంత్రము ఈ తోకలనే చదివి, తోకలోనున్న పేరునుబట్టి ఫోల్డర్లను కట్టినది. నేను పేర్లను తోకలలో వ్రాయలేదు, ఫోల్డర్లమీద వ్రాసితిని. యంత్రమునకు తలుపుమీది పేరు కనబడలేదు. కావుననే నూట యెనుబదియేడు ‘ట్రాక్ 01’లు. ఇదియే ఆర్గనైజ్ అను శబ్దమునకు అర్థము.

డూప్లికేట్లు. న్యాయముగా చెప్పవలెనన్న, కొన్ని నిజమైన డూప్లికేట్లే. సుప్రభాతము నాలుగు చోట్ల నుండెను. నాలుగు చోట్ల మేల్కొలుపుటకు ఏ దేవుడును అంత నిద్రపోవడు. అయితే ‘డీఎస్‌సీ’ మొదలైన పేర్లతో 0001 నుండి 9999 వఱకు లెక్కించి, కెమెరా మరల 0001కి వచ్చును. కావున ఒకే పేరుగల రెండు ఫొటోలు వేఱువేఱు మనుష్యులవై యుండవచ్చును. తాతపేరు మనుమనికి పెట్టుట మనకు తరతరాల సంప్రదాయము. అంతమాత్రమున మనుమడు డూప్లికేటని ఎవరును ఇంటినుండి వెడలగొట్టరు. ఫైలునకు వ్రేలిముద్రవంటి హ్యాషును కట్టి, బైటుకు బైటు పోల్చిచూచు మార్గము కలదు. అది రాత్రియంతయు పట్టును. మావాడు పేరును, నిడివిని పోల్చు త్వరితమార్గమును పట్టినాడు. ప్రక్షిప్తములైన ‘థంబ్స్.డీబీ’ అను పనికిమాలిన ఫైళ్లు మాత్రము, ప్రతి ఫోల్డరులోను, ఒక్కటియు తప్పకుండ వలసవచ్చి సుఖముగా నున్నవి.

కడపలో బ్రౌను దొర పండితులను కూర్చుండబెట్టి, ఒక్కొక్క కావ్యమునకు పలు తాళపత్రప్రతులను తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. పాఠాంతరము దొరకినపుడు వారు సంతోషించెడివారు. శుద్ధప్రతి సిద్ధమైనది గదా యని తక్కిన తాటాకులను పొయ్యిలో పెట్టలేదు. ప్రతి చివర వ్రాయసగాడు చేసికొను పాత విన్నపమొకటి కలదు: ఈ పుస్తకమును నూనెనుండి కాపాడుము, నీటినుండి కాపాడుము, వదులైన కట్టునుండి కాపాడుము అని. ఎట్టివాని చేతికి ఈయరాదో అదియు అందు కలదు. మేనల్లుడు ఈ పత్రిక చదువును గావున ఆ మాటను ఇచట వ్యాఖ్యానింపను.

మా నాన్నగారు పోతనగారి గజేంద్రమోక్షమును ఒక ఆదివారము సాయంకాలమున క్యాసెట్టులో రెండుసార్లు చదివిరి. మొదటిసారి నడుమ ఒక పద్యమున మాట తోచక ఆగిరి. వంటింటినుండి, తాలింపు చిటపటల నడుమ, మా అమ్మ ఆ మాటను అందించినది. “ఆఁ, అదే” అని ఆయన సాగిరి. ఆ ఘట్టమున శ్రీహరి లక్ష్మికి చెప్పకయే బయలుదేరును గదా. మా యింట లక్ష్మి చెప్పనిదే ఘట్టము కదలలేదు. తప్పు పోయినదని నొచ్చుకొని ఆయన రెండవసారి నిర్దుష్టముగా చదివిరి. రెండింటిని నేను కంప్యూటరునకెక్కించి, ‘గజేంద్రమోక్షం, నాన్న’ అనియు, అదే పేరునకు ‘(2)’ చేర్చియు ఉంచితిని. రెండును పదునొకండు నిమిషములకు దరిదాపులే. యంత్రము పోల్చినది. నిర్దుష్టమైనది మిగిలినది.

ఇక = ఇకమీదట. పాత హార్డ్ డిస్కును చూచుకొందునులే యనుకొంటిని. దానిని గూర్చి అడిగినపుడు రైలులోనుండి మఱియొక సందేశము వచ్చినది: “అది ఫార్మాట్ చేసేశా మామయ్యా, బ్యాకప్‌కి వాడుకోండి.” తొలుత ‘మొత్తం’ అను పదమును సుగమమని విడిచితిని, పొరపాటు. అంగడిలో 1 టీబీ యని కొన్న డిస్కు కంప్యూటరులో 931 జీబీగా కనబడును. వేయికిని వేయిన్నిరువదినాలుగునకును గల భేదమే అందుకు హేతువు. డిస్కునకే మొత్తము మొత్తముగా లేనపుడు, మేనల్లుని మొత్తము ఎట్లుండగలదు? ఈ వ్యవహారమంతటిలో మొత్తముగా జరిగినది ఆ ఫార్మాటొక్కటే.

టెన్షన్ = దేశ్యము వలె స్థిరపడిన యన్యదేశ్యము; సుగమము.

తాత్పర్యము వ్రాయబోవుచు, అటక యెక్కితిని. ట్రంకుపెట్టె అడుగున, పాత పంచాంగముల క్రింద, క్యాసెట్టు దొరకినది. సీ-60, ప్రక్కకు ముప్పది నిమిషములు. లేబులుపై నాన్నగారి చేతివ్రాతతో “గ.మో., రెండు మార్లు” అని యున్నది. టేపురికార్డరు బెల్టు సాగిపోయినది. రేడియో బాగుచేయువాడు క్రొత్తది హైదరాబాదు కోఠినుండి తెప్పింతునన్నాడు. సంగతి విని మేనల్లుడు ఫోను చేసి, “ఉగాదికి వస్తా మామయ్యా, డిజిటైజ్ చేసేస్తా” అన్నాడు. “చేసిపెట్టు” అని దిద్దితిని. “అదే, చేసేస్తా” అన్నాడు.

క్యాసెట్టు ప్రస్తుతము బీరువాలో నున్నది. తాళముచెవి ఎచ్చట నున్నదో వానికి చెప్పలేదు.