‘టక్కుమంది’ పాదానికి టీక

మూలం:
టక్కుమంది అమ్మ లేవలేనుర బాబు

అవతారిక: పల్నాడు జిల్లా రొంపిచెర్లలో, కళ్లంలో మిరప టిక్కీ ఎత్తబోయి మా బాబాయి నడుం పట్టేసింది. టిక్కీ అంటే నలభై కిలోల పైమాటే. అరవై దాటినవాడికి అది ఎత్తే పనేమిటన్నది మా పిన్ని పూర్వపక్షం. సమాధానం ఇంతవరకు రాలేదు. ఎదురుకాళ్లతో పుట్టిన కుర్రాణ్ణి పిలిపించి మూడు పూటలా నడుం మీద తన్నించుకున్నాడు. తగ్గలేదు. అప్పుడు ఫోన్లో వీడియోలు చూపించి, పేటలో ఒకాయన ఒక్క విరుపుతో సరిచేస్తాడట పదమని బండెక్కించింది నేనే. టీకాకారుడు నిర్దోషి కాడని పాఠకులు ముందే గ్రహించగలరు. పై పాదం ఆయన బల్ల మీద బాబాయి నోట వెలువడింది.

ప్రతిపదార్థం: టక్కు + మంది = టక్కుమనే చప్పుడు వచ్చింది. టక్కు అంటే మాయ, మోసం అని కూడా అర్థముంది కాబట్టి ఇది శ్లేష. అమ్మ = మా నాయనమ్మ; పోయి చాలా ఏళ్లయినా నొప్పికి పలికేది ఆవిడే. లేవలేను = లేవడం నా వల్ల కాదు; రెండుసార్లు ప్రయత్నించి మరీ చెప్పిన మాట. ర = ఒరే, నీవల్లే అనే నింద మొత్తం ఈ ఒక్క అక్షరంలో ఉంది. బాబు = తిట్టే ఓపిక లేక అన్నది.

వ్యాకరణం: ‘మంది’, ‘అమ్మ’ అన్నచోట సంధి జరగలేదు. పోనీ యడాగమమైనా రాలేదు. రెండు అచ్చులు ఒరుసుకోకుండా నడుమ యకారం ఎలా వచ్చి కూర్చుంటుందో, రెండు వెన్నుపూసల నడుమ డిస్క్ అలా మెత్తగా కూర్చుంటుంది. సంధులంటే కీళ్లు కూడా కనుక, సంధికార్యం తెలియనివాళ్లు సంధి విప్పబోతే ఇలాగే ఉంటుంది.

ఛందస్సు: చిత్రమేమంటే ఇది ఆటవెలది మొదటి పాదం. మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, వెరసి 5. నడుములో పూసలూ 5. యతి మాత్రం చెడింది. నాలుగో గణం మొదట ‘ట’కు ‘లే’ చెల్లదు. అయితే యతి అంటే పాదం నడుమ విరుపే కదా. నడుమే విరిచినచోట యతిభంగమని ఆక్షేపించే లాక్షణికుణ్ణి ఆ బల్ల మీద ఒకసారి పడుకోబెట్టాలి.

విశేషాలు: నడుం విరిచే ఈ విద్యను కైరోప్రాక్టిక్ అంటారు. గ్రీకులో కైర్ అంటే చెయ్యి. మన కైదండలోని ‘కై’తో దానికి చుట్టరికం లేదు, పోలికే, ఆ రోజు గదిలోంచి బండి దాకా బాబాయికి నేను పట్టింది మాత్రం కైదండే. మూలపురుషుడు డేనియల్ డేవిడ్ పామర్. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో హార్వీ లిల్లార్డ్ అనే పనివాడి వెన్ను నొక్కి, పోయిన వినికిడి తెప్పించానని చెప్పుకున్నాడు. వినికిడి నరం కపాలంలోనే ఉంటుంది, వెన్నులోకి దిగదు. మన ఎదురుకాళ్ల కుర్రాడు కనీసం నడుము నొప్పికి నడుమునే తన్నాడు.

ఆ చప్పుడు పూస తన చోట్లోకి వెళ్లిన చప్పుడని బల్ల దగ్గరాయన వ్యాఖ్య. అది అపవ్యాఖ్య. కీలులో జిగురు ద్రవం ఉంటుంది; కీలును చటుక్కున సాగదీస్తే ఒత్తిడి పడిపోయి అందులో వాయువు బుడగ కడుతుంది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు వేలి కీలును ఎమ్మారైలో పెట్టి లాగి, చప్పుడయ్యే క్షణాన ఈ ఖాళీ ఏర్పడటం చూశారు. చప్పుడు నిజం, అర్థం టక్కు. విరుపు తరవాత ఒకటి రెండు రోజులు నొప్పులుండటం మామూలేనట. ఆ మాట విరిచేముందు చెప్పాలి. బాబాయికి మర్నాటికి మంచం దిగడమే గగనమైంది.

అప్పుడు ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు మొదట చేయి వెయ్యలేదు, అడిగాడు: కాలు తిమ్మిరెక్కుతోందా? పట్టు తప్పుతోందా? కూర్చునేచోట మొద్దుబారిందా? మూత్రం సరిగా వస్తోందా? చివరి రెండిట్లో ఏ తేడా ఉన్నా తెల్లారేదాకా ఆగే విషయం కాదట. మడమల మీద నడిపించాడు, మునివేళ్ల మీద నడిపించాడు. నరం నొక్కుకోలేదు, కండరం బిగుసుకుందన్నాడు. పడుకోవద్దు, మెల్లగా నడవమన్నాడు. బల్ల దగ్గరాయన ఈ ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు. నేనూ అడగమనలేదు.

పాఠాంతరం: ‘చెప్తే విన్నావా’ అని పిన్ని ప్రతిలో ఉంది. అదే ప్రాచీనమని నా అభిప్రాయం.

మిగిలిన మూడు పాదాలు అలభ్యం. బాబాయి పన్నెండో రోజున కళ్లానికి వెళ్లాడు. టిక్కీలు నా చేత మోయించాడు.