న్యూట్రల్ వ్రత కల్పం

ఈ వ్రతానికి శ్రేష్ఠమైన క్షేత్రం తిరుమల పాత ఘాట్ రోడ్డు. దర్శనమైంది, లడ్డూలు డిక్కీలో చేరాయి, అలిపిరి దాకా దాదాపు 19 కిలోమీటర్లూ పల్లమే. కారు దానంతటదే దిగుతుంటే పెట్రోలు ఎందుకు దండగ అని సంకల్పం చెప్పుకుని గేరును న్యూట్రల్‌లోకి తోయండి. కార్బురేటర్ కార్ల కాలంలో ఈ వ్రతానికి కొంత ఫలం దక్కేది. ఇప్పటి ఇంజెక్షన్ కార్లలో మాత్రం గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే కంప్యూటర్ పెట్రోలును పూర్తిగా ఆపేస్తుంది, చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో ఆ ఆసరా తెగిపోతుంది కనుక ఇంజిన్ ఆరిపోకుండా తాగుతూనే ఉండాలి. చిన్న కారుకైనా గంటకు అర లీటరు కావాలి. కొండ దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలన్నది అక్కడి నిబంధన. అంటే లీటరులో మూడో వంతు నైవేద్యం. రెండో గేరులో దిగే అజ్ఞానికి ఈ పుణ్యం లేదు.

ఇక హారతి. మనుషులతో కలిపి 1,500 కిలోల కారు దాదాపు 700 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి 35 లీటర్ల చన్నీళ్లను మరిగించగలదు. టైర్లూ గాలీ ఓ మూడో వంతు మింగినా, మిగతాదంతా ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. గేరులో ఉంటే ఇంజిన్ చాలా భాగం పంచుకుంటుంది. భక్తులు దాన్ని పక్కకు తప్పించి భారమంతా బ్రేకులకే సమర్పించాలి. బ్రేకు ఆయిల్ ఏళ్ల తరబడి మార్చకపోతే మరీ శ్రేష్ఠం: కొత్తగా 205 డిగ్రీలకు గానీ మరగని డాట్ 3 ఆయిల్, తేమ పీల్చుకున్నాక 140 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. మరిగితే బుడగలు, బుడగలుంటే పెడల్ నేలకంటుతుంది. నిష్ఠాపరులు ఇంజిన్ కూడా ఆపేస్తారు. అప్పుడు రెండు మూడు తొక్కులకే బ్రేకు బూస్టర్ చేతులెత్తేస్తుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. తాళంచెవి కూడా తీసేస్తే అది లాకే పడవచ్చు.

న్యూట్రల్‌లో కారు ఎక్కువ దూరం దొర్లుతుంది కదా అంటారు. నిజమే. బ్రేకు ముట్టే పనిలేని చదును రోడ్డు మీదా, కాస్త వాలు మీదా స్వేచ్ఛగా దొర్లడమే లాభం. ఎలక్ట్రిక్ కారులోనూ అంతే: వేగాన్ని కరెంటుగా, కరెంటును మళ్లీ వేగంగా మార్చినప్పుడల్లా కొంత పోతుంది. పోర్షే తన ఎలక్ట్రిక్ కారు టైకాన్‌ను మామూలుగా కాలు తీస్తే దొర్లేలా తయారుచేసింది అందుకే. ఘాట్ మీద మాత్రం దూరం పోవడం కాదు సమస్య, ఎక్కువైన వేగాన్ని పోగొట్టుకోవడం. బ్రేకు ప్యాడ్లు చవక, ఇంజిన్ ఖరీదు అనే వాదనా ఉంది. రెండో గేరులో మెల్లగా దిగే ఇంజిన్ ఊళ్లో రోజూ తిరిగే వేగంతోనే తిరుగుతుంది. పైగా అప్పుడు లోపల మంట కూడా ఉండదు.

ఎలక్ట్రిక్ కారు వారు బెంగపడనక్కర్లేదు, వారికీ వ్రతం ఉంది. కొండ మీదే నూటికి నూరు శాతం ఛార్జ్ చేసి బయలుదేరండి. నిండిన బ్యాటరీలో కరెంటుకు చోటుండదు కనుక మోటారు పట్టు సడలుతుంది, భారం మళ్లీ ప్యాడ్ల మీదికే వస్తుంది. సగం బ్యాటరీతో దిగినవాడు దారిలో యూనిటో, ఒకటిన్నరో పోగేసుకుని అలిపిరి చేరతాడు. వాడి చక్రాలు చల్లగా ఉంటాయి. కళ్లకద్దుకోవడానికి హారతి మిగలదు.