నన్ను మూసి రాయండి – ఒక నోట్‌బుక్ ఆత్మకథ

నేనొక లాంగ్ నోట్‌బుక్‌ని. సరుగుడు, సుబాబుల్ కర్రల గుజ్జులోంచి కాగితంగా మారి, గీతలు గీయించుకుని, కుట్టు వేయించుకుని, జూన్‌లో బడులు తెరిచే వేళకి పుస్తకాల షాపు చేరాను. పదో తరగతిలోకి వచ్చిన ఒక అమ్మాయి నన్ను కొనుక్కుంది. ఆ సాయంత్రమే వాళ్ల నాన్న ఖాకీ అట్ట వేసి, లేబుల్ అంటించి, గుండ్రటి అక్షరాలతో ‘గణితం’ అని రాశారు. నా పుట్టుక గురించి చెప్పుకోదగ్గది అంతే. అసలు కథ ఆ తర్వాతిదే.

దసరా దాకా నా బతుకు దర్జాగా సాగింది. మాస్టారు బోర్డు మీద లెక్క చేస్తుంటే అమ్మాయి వింటూ, అర్థమైనంత తన మాటల్లో రాసుకునేది. ‘ఇక్కడ గుర్తు మారుతుంది, జాగ్రత్త’, ‘ఈ మెట్టు మాస్టారిని మళ్లీ అడగాలి’ అని మార్జిన్‌లో గుర్తులు పెట్టుకునేది. ఆ పేజీల్లో కొట్టివేతలున్నాయి, అక్షరాలు వంకర పోయాయి. అయినా ఆ పేజీలంటే నాకు ఇప్పటికీ గర్వమే. ఒక పిల్ల ఆలోచిస్తూ రాసుకున్న మాటలవి. ఏ గైడులోనూ దొరకవు.

దసరా సెలవులు అయ్యాక ఇంట్లో పబ్లిక్ పరీక్షల హడావుడి మొదలైంది. క్లాసులో ఎవరి నోట్సు అందంగా ఉందనే పోటీ. అమ్మాయి కొత్త స్కెచ్ పెన్నులు కొంది. శీర్షికలకి ఎరుపు, సూత్రాలకి ఆకుపచ్చ. గైడు పక్కన పెట్టుకుని లెక్కలన్నీ ఉన్నవి ఉన్నట్టు నా మీదకి దించేసేది. పక్క గదిలో టీవీ మోగుతున్నా, తను అటే చెవి వేసి ఉన్నా, చెయ్యి మాత్రం ఆగేది కాదు. ఆలోచన అక్కర్లేని పనికి ఆటంకం ఏముంటుంది?

అదే బల్ల మీద రబ్బరు బ్యాండు వేసిన మోడల్ పేపర్ల కట్ట ఉండేది. “ఆ పేపర్లు ఎప్పుడు రాస్తావే?” అని వాళ్లమ్మ అడిగితే, “నోట్సు పూర్తవ్వనీ అమ్మా, తర్వాత వరసగా రాసేస్తా” అనేది. నోట్సు పూర్తయ్యేదెప్పుడు? ఒక చాప్టరు అయితే ఇంకొకటి ఉంటుంది. అన్నీ అయితే మొదటిదాన్ని మళ్లీ నీటుగా రాయాలనిపిస్తుంది. సంక్రాంతి వచ్చి వెళ్లింది, ఆ రబ్బరు బ్యాండు మాత్రం ఊడలేదు.

ప్రీ-ఫైనల్‌లో మధ్యగతం లెక్క వచ్చింది. ఆ సూత్రం నాలో ఆకుపచ్చ సిరాతో, చుట్టూ డబ్బా కట్టి భద్రంగా ఉంది. అమ్మాయి దాన్ని ఎన్నిసార్లు చూసిందో! పట్టిక సరిగ్గా వేసింది, మధ్యగత తరగతిని సరిగ్గానే గుర్తించింది. సూత్రంలో వేయాల్సింది ఆ తరగతికి ముందున్న తరగతి సంచిత పౌనఃపున్యం. తనేమో మధ్యగత తరగతిదే వేసేసింది. ఇంటికొచ్చి నన్ను తెరిచి, “అయ్యో, ఇది నాకు తెలిసిందే!” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా రాయగలగడం వేరు. నేను కళ్లెదుట తెరిచి ఉన్నంతసేపూ ఆ తేడా తెలియదు. నన్ను మూసి ఒక్క మోడల్ పేపరు రాసి ఉంటే ఆ తప్పు డిసెంబరులోనే బయటపడేది, దిద్దుకోవడానికి వ్యవధీ ఉండేది.

సమయం సంగతీ అంతే. మా ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి లెక్కల పేపరులో 33 ప్రశ్నలు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. మొత్తం 100 మార్కులు. ప్రశ్నపత్రం చదువుకోవడానికి ఇచ్చే 15 నిమిషాలు పోను రాయడానికి 3 గంటలు. అంటే ఎనిమిది మార్కుల ప్రశ్నకి 14 నిమిషాల చొప్పున వస్తుంది. ఆ 14 నిమిషాలు ఎంత త్వరగా గడిచిపోతాయో నేను చెప్పలేను. గడియారం ముందు పెట్టుకుని రాసిన పేపరే చెబుతుంది. పబ్లిక్ పరీక్షలో మా అమ్మాయి చివరి ఎనిమిది మార్కుల ప్రశ్న సగంలో ఉండగానే బెల్లు కొట్టేశారు. పాసైంది, కానీ పడ్డ కష్టానికి తగ్గ మార్కులు రాలేదు.

ఫలితాలు రాగానే నన్ను అటక ఎక్కించారు. ఎండాకాలం ఉక్క, వానాకాలం చెమ్మ. ఖాకీ అట్ట ఉబ్బింది. ఆకుపచ్చ సిరా ఎదుటి పేజీకి అంటుకుంది. చెదలు ఎప్పుడు పడతాయోనని రోజూ భయమే. రాత్రుళ్లు మేలుకుని రాసిన పేజీలను ఆ తర్వాత ఎవరూ ఒక్కసారైనా తిప్పి చూడకపోతే ఆ దిగులు ఎలా ఉంటుందో మీకు చెప్పలేను.

అటక మీద నాకు తోడు వాళ్ల పిన్ని బీఎడ్ పుస్తకం. నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా మరుపున పడుతుందనీ, ఆ తర్వాత మరుపు నెమ్మదిస్తుందనీ జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చెప్పాడట. ఆ పుస్తకంలో పిన్ని మడిచిపెట్టుకున్న కాగితం మీద ఇంకో సంగతి ఉంది. అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు 2006లో ప్రచురించిన పరిశోధన అది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం గడిచాక చూస్తే వాళ్లకి 42 శాతమే గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకి 56 శాతం గుర్తుంది. మా అమ్మాయి కన్నీళ్లకి కారణం నాకు అప్పుడు తెలిసింది.

కొన్నేళ్లకి తమ్ముడు పదో తరగతికి వచ్చాడు. వాడిది ఇంకో తీరు. నోట్సు పేరెత్తితేనే చిరాకు. పేపరు మీద పేపరు రాయడం, కీ చూసి టిక్కులు పెట్టుకోవడం, మార్కులు కూడుకోవడం, పక్కన పడేయడం. మార్కులు మాత్రం అక్కడే ఉండేవి. ట్యూషన్ మాస్టారు ఆ పేపర్లన్నీ ముందేసుకుని, “ఒరేయ్, ప్రతి పేపర్లోనూ అదే చోట పోయిందిరా. ఎందుకు పోయిందో ఎక్కడైనా రాసుకున్నావా?” అని అడిగారు.

అలా నన్ను కిందికి దింపారు. తమ్ముడు దుమ్ము దులిపి, వెనక మిగిలిన తెల్ల పేజీల్లో మూడు గళ్లు గీశాడు. ఏ ప్రశ్న, ఏ మెట్టులో తప్పింది, సరైనది ఏమిటి. వారమంతా నన్ను చదివేవాడు. ఆదివారం నన్ను మూసి పేపరు రాసేవాడు. సోమవారం తప్పులు తెచ్చి నా గళ్లలో రాసేవాడు. అక్క ఆకుపచ్చ డబ్బా పక్కన పెన్సిల్‌తో ‘ముందు తరగతిది!’ అని వాడు రాసిన రోజు నా జన్మ ధన్యమైందనుకున్నాను. నెల తిరిగేసరికి ఆ గళ్లలో పాత తప్పులు మళ్లీ రావడం తగ్గింది.

పరీక్షలయ్యాయి. ఇంటికి సున్నాలు వేయిస్తూ పాత పేపర్లవాడిని పిలిచారు. అతను నా అట్ట చించి ఒక పక్క వేశాడు, కాగితాలు ఒక పక్క వేశాడు. అక్క మోడల్ పేపర్ల కట్ట కూడా అప్పుడే బయటికొచ్చింది. ఎండిపోయిన రబ్బరు బ్యాండు ముట్టుకోగానే పుటుక్కుమంది. ఒక్క అక్షరం పడని ఆ పేపర్లనీ, ఇద్దరు పిల్లల చేతిరాత నిండిన నన్నూ ఒకే తక్కెడలో ఒకే ధరకి తూచారు. ఇప్పుడు నేను వేరుశెనక్కాయల బండి మీద ఉన్నాను. రోజూ కొన్ని పేజీలు పొట్లాలై వెళ్లిపోతున్నాయి.

పిల్లలూ, మిగిలిన పేజీలు చిరిగిపోకముందే ఒక్క మాట. నోట్సు రాయండి, కానీ క్లాసు విన్న రోజునే, మీ మాటల్లో, క్లుప్తంగా రాయండి. దాన్ని మళ్లీ అందంగా దించుకునే సాయంత్రాలను పేపర్లకి ఇవ్వండి. సిలబస్ అంతా అయ్యేదాకా ఆగకండి, అయిన చాప్టర్లతోనే మొదలుపెట్టండి. ఎన్ని పేపర్లు రాసినా తప్పుల లెక్క రాసుకోకపోతే ఆ కష్టం వృథా. ఈ ఆదివారమే నన్ను మూసి, గడియారం ముందు పెట్టుకుని ఒక పేపరు రాయండి. సోమవారం ఆ తప్పులతో మీ నోట్‌బుక్ దగ్గరికి రండి.