ఓడెక్కనివాళ్ళ ఓడ పాటలు

మా రోజుల్లో సరుకు ఓడ లిస్బన్ రేవులో ఆగిందంటే వారం పైమాటే. బస్తాలు, పెట్టెలు, కట్టలు అన్నీ క్రేను కొక్కేనికి తగిలించి దింపాలి మరి. ఆ ఆలస్యం పుణ్యమా అని అల్ఫామా పేట మెట్ల సందుల్లోకి ఎక్కి ఫాదో పాటలు వినేవాళ్ళం. ఇప్పుడన్నీ కంటైనర్లు. పొద్దున్న కట్టిన ఓడ మర్నాటికి ఉండదు. కుర్ర నావికులకు పాటా లేదు, పాడూ లేదు.

పాట మొదలయ్యే ముందు దీపాలు తగ్గించేవారు. చెంచా చప్పుడైతే చాలు, పక్క బల్లవాడు గుడ్లురిమేవాడు. పన్నెండు తీగల గిటారు పక్కన నల్ల శాలువా కప్పుకున్నావిడ కళ్ళు మూసుకుని ఎత్తుకునేది. మా ఓడ వంటవాడు గోవా మనిషి, పోర్చుగీసు వచ్చు. నా చెవిలో అర్థం చెప్పేవాడు. అమాలియా రోడ్రిగ్స్ పాడిన ‘బార్కో నెగ్రో’లో, నీవాడిక రాడని ఒడ్డున ముసలమ్మలంటారు. పిచ్చి మీకేనంటుంది ఆమె. ‘ఫాదో పోర్చుగేష్’ రాసిన జోసె రేజియో ఇంకో మెట్టెక్కాడు. ఫాదో పుట్టిందే తెరచాప ఓడ మీద, దిగులుపడ్డ నావికుడి గుండెలోనట! చరిత్రకారులు ఒప్పుకోరు. అది 19వ శతాబ్దంలో లిస్బన్ బీదల పేటల్లో రూపు కట్టిందంటారు. తొలి పేరున్న గాయని, 1846లో పోయిన మరియా సెవేరా, ఓడ మనిషేం కాదు.

అయినా నా ఓటు కవికే. కాలు నిలవని మనిషికి ఓడే సరైన పోలిక. రేవులో కట్టేసినా ఊగుతూనే ఉంటుంది. నడిసంద్రంలో ఉన్నన్నాళ్ళూ ఇల్లు కావాలి. ఇంటికొచ్చి నాలుగు పూటలు తినేసరికి మళ్ళీ సముద్రం కావాలి. నా భార్యనడగండి, చెబుతుంది.

ఇప్పుడో? 2017లో అల్ఫామా కిందే క్రూజ్ టెర్మినల్ వెలిసింది. దిగినవాళ్ళు గైడు వెనకాల బారులు తీరి, పాట సగంలో ఫోనెత్తి వీడియో తీసుకుపోతారు. 2011లో యునెస్కో ఫాదోను తన జాబితాలో ఎక్కించిందని గొప్పలొకటి. పాడే పిల్లల గొంతులు బాగానే ఉన్నాయి, అబద్ధమెందుకు? కానీ విమానమెక్కేలోపే మూడు వీడియో కాల్స్ చేసే కాలంలో, ఒడ్డున నిలబడి ఎదురుచూసేదెవరు? పాటలో ఓడ మాత్రం పాత ఓడే.

సణుగుతున్నానంటారా? నాకంటే ముందొకాయనున్నాడు. 1572లో వచ్చిన ‘లూసియాడ్స్’ కావ్యంలో, వాస్కో డ గామా ఓడలు బయల్దేరుతుంటే రెస్తేలో ఒడ్డున ఒక ముసలాయన నిలబడి, కీర్తి పిచ్చి పట్టిందర్రా మీకని దులిపేస్తాడు. రాసిన కమోయిష్ కూడా అంతకుముందు గోవాకి ఓడెక్కినవాడే, చూశారా! ముసలాయన గోడు ఒక్కడూ వినలేదు, ఓడలు కదిలాయి. మా మనవడూ వచ్చే నెల క్రూజ్‌లో పోతున్నాడట. లిస్బన్‌లో ఎంతసేపు ఆగుతుందిరా అంటే, “లంచ్ వరకు తాతయ్యా” అన్నాడు.