పిల్లల భద్రత విషయంలో వినకూడని అయిదు సలహాలు

ఎనిమిదేళ్ల పిల్లని వీధి చివర కొట్టుకి పంపుతామంటే చాలు, ఇంటిల్లిపాదీ సలహాలు మొదలెడతారు. అందరిదీ ప్రేమే. ప్రేమతో చెప్పినంత మాత్రాన సలహా మంచిదైపోదు. తాతలు ఊరంతా తిరిగారు, నాన్నలు పేటంతా తిరిగారు, మనవలు లిఫ్టు దాటడం లేదు. పిల్లలు చేతకానివాళ్లై ఇలా జరగలేదు. మనం ఈ కింది మాటల్లో మొదటి నాలుగూ నమ్మడం వల్ల జరిగింది.

1. “బయట ఎత్తుకుపోయేవాళ్లున్నారు, గడప దాటనివ్వకండి.”

ఈ భయం ఎంతకి తెగిస్తుందో 2018 మేలో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న వాట్సాప్ పుకార్లు నమ్మి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గుంపులు దారిన పోయేవాళ్లని చితకబాదాయి. అమాయకులు చనిపోయారు. జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదికలు వేరే సంగతి చెబుతాయి. పోక్సో చట్టం కింద నమోదైన అత్యాచార కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితులు పిల్లలకి తెలిసినవాళ్లే: బంధువులు, ఇరుగుపొరుగు, ఇంటి స్నేహితులు. తలుపేసుకున్నంత మాత్రాన ఈ ఆపద తప్పిపోదు. ఎంత దగ్గరివాళ్లకైనా వద్దని చెప్పొచ్చని బిడ్డకి నేర్పండి. ఏం చెప్పినా ఇంట్లో తిట్టరన్న నమ్మకం కలిగించండి. పిల్లల సహాయ నంబరు 1098ని కంఠతా పట్టించండి.

2. “బడి గేటు దాకా బండి మీద దింపిరండి.”

ఇంగ్లండులో 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవారు. 1990 నాటికి అది 9 శాతానికి పడిపోయిందని పరిశోధకుడు మేయర్ హిల్‌మన్ బృందం తేల్చింది. రోడ్లు బాగుపడి పిల్లల ప్రమాదాలు తగ్గలేదు, పిల్లల్నే రోడ్ల మీంచి తప్పించాం కాబట్టి తగ్గాయని ఆయన వాదించారు. మన రోడ్ల భయం ఉత్త భయం కాదు. 2022లో దేశంలో 1.68 లక్షల మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు. అయితే గేటు ముందు మూగే మన కార్లూ స్కూటర్లే పక్కింటి పిల్లకి ప్రమాదం. రోడ్డు దాటడం ఈతలాంటిది, గట్టు మీద కూర్చోబెట్టి నేర్పలేం. కొన్నాళ్లు బిడ్డని ముందు నడవనిచ్చి మీరు వెనక నడవండి. ఆ తర్వాత వీధిలో నలుగురైదుగురు పిల్లల్ని కలిపి పంపండి. జపాన్‌లో చాలాచోట్ల ప్రాథమిక బడుల పిల్లలు గుంపులుగా నడిచే వెళతారు. బడి ముందు స్పీడు బ్రేకరు, ఫుట్‌పాత్ కావాలని కార్పొరేటర్నో సర్పంచినో అందరూ కలిసి అడగండి.

3. “ఖాళీగా ఉంచితే చెడిపోతారు, ఏదో ఒక క్లాసులో చేర్పించండి.”

ఏడు పెంకులాటలో ఔటా కాదా అన్న తగువు పిల్లలే తీర్చుకోవాలి. తీర్చుకోకపోతే ఆట ఆగిపోతుంది. కోచ్ ఈల వేసే చోట ఆ చదువు దొరకదు. పెద్దల కాపలా లేని ఆటలూ పనులూ దశాబ్దాలుగా తగ్గుతూ రావడం అమెరికా పిల్లల్లో మానసిక ఆరోగ్యం దెబ్బతినడానికి ఒక ముఖ్య కారణమని పీటర్ గ్రే, మరో ఇద్దరు పరిశోధకులు 2023లో ఒక వైద్య పత్రికలో రాశారు. ట్యూషన్‌కీ హోంవర్కుకీ మధ్య రోజూ గంట వదిలేయండి. ఆ గంటలో ఏం ఆడాలో మీరు చెప్పకండి.

4. “మగపిల్లాడైతే సరే, ఆడపిల్ల కదా.”

తమ్ముడికి సైకిలు, అక్కకి కాపలా. ఈ ఏర్పాటు వల్ల అక్క క్షేమంగా ఉండదు. కాలేజీకి ఊరు మారేనాటికి బస్సెక్కడం కూడా కొత్తే అవుతుంది. ఒకే వయసుకి ఒకే స్వేచ్ఛ ఇవ్వండి. దారి బాగాలేకపోతే దారిని బాగుచేయమని పోరాడండి, పిల్లని ఆపకండి.

5. “మా కాలంలోలా ఊరి మీదకి వదిలేయండి.”

ఇది పై నాలుగింటికీ తలకిందులు సలహా. కానీ ఆ కాలం అందరికీ ఒకటి కాదు. కొందరు కోతికొమ్మచ్చి ఆడుతుంటే, కొందరు ఆడపిల్లలు చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని చూస్తూ నిలబడ్డారు. దళితుల పిల్లలకి కొన్ని వీధుల్లోకి, కొన్ని బావుల దగ్గరికి దారే ఉండేది కాదు. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నడిపిన ఎం.వి. ఫౌండేషన్ 1990లలో బడికి తెచ్చిన పిల్లల్లో అప్పటిదాకా జీతానికి ఉన్నవాళ్లున్నారు. పొలాల వెంట తిరిగిన వాళ్లందరివీ ఆటలు కావు. ఇక వేసవిలో చెరువులూ కాలువలూ ఇప్పటికీ పిల్లల్ని బలి తీసుకుంటూనే ఉన్నాయి. ఆ కాలం నుంచి తెచ్చుకోదగినది ఒకటుంది. “ఎవరి పిల్లాడివిరా?” అని అడిగే పెద్దవాళ్లు ప్రతి అరుగు మీదా ఉండేవారు. పిల్లాడు ఒంటరిగా తిరిగినా ఊరి కళ్లు వెంట ఉండేవి.

మరేం చేయాలి? ఆరేళ్లకి పక్కింటి నుంచి కరివేపాకు తెమ్మనండి. ఎనిమిదేళ్లకి కిరాణా కొట్టుకి పంపి చిల్లర లెక్కపెట్టుకు రమ్మనండి. పదేళ్లకి పెద్ద రోడ్డు దాటనివ్వండి, ఈత నేర్పించండి. పన్నెండేళ్లకి సిటీ బస్సులో అమ్మమ్మగారింటికి పంపండి. ఈ వయసులు రాసిపెట్టిన గీతలు కావు. మీ వీధినీ మీ బిడ్డనీ చూసి ఏడాది ముందుకో వెనక్కో జరుపుకోండి. అంతకన్నా ముందు మీ వీధిలోని పిల్లల పేర్లు మీరు తెలుసుకోండి. పక్కవాళ్ల బిడ్డకి మీరు కన్నుగా ఉంటే, మీ బిడ్డకి వాళ్లుంటారు.