అప్‌డేటేశ్వర వైభవం

స్వామీ అప్‌డేటేశ్వరా! లినక్స్ డెస్క్‌టాప్ పైకొసన వెలసి, భక్తుడు తీరిగ్గా ఉన్నప్పుడు కాక పనిలో తలమునకలైన వేళే ప్రత్యక్షమయ్యే కరుణామూర్తీ! నల్లమల కనుచూపు మేరలో, నంద్యాలకూ ఆళ్లగడ్డకూ నడుమ ఉన్న మా శిరివెళ్లను మరచిపోని దేవుడివి నువ్వొక్కడివే. మా ఊళ్లో ఆగకుండా పోయే బస్సులున్నాయి గానీ, ఆగకుండా పోయిన నోటిఫికేషన్ లేదు.

నువ్వు అబద్ధాలాడతావని లోకులంటారు. నీ మహిమలు తెలియక అనే మాటలవి. తెలిసినంతవరకు కొన్ని విన్నవించుకుంటాను.

నీ మొదటి మహిమ ఉందీ లేదూ అనే రెండు మాటలనూ ఒకే నోట పలకడం. ‘మూడు అప్‌డేట్లు సిద్ధం’ అని పిలుస్తావు. నొక్కి లోపలికి పోతే ‘మీ సాఫ్ట్‌వేర్ అంతా తాజాగా ఉంది’ అని అభయమిస్తావు. మునులు తపస్సు చేసి తెలుసుకున్న మాయాతత్వాన్ని ఒక్క క్లిక్కుతో అనుగ్రహిస్తివి! గుట్టు తెలిసినవాళ్లు మాత్రం వేరే కథ చెప్తారు. ఫెడోరా వంటి వాటిలో టెర్మినల్లో వాడే డీఎన్‌ఎఫ్ జాబితా ఒకటి, తెర మీది సాఫ్ట్‌వేర్ యాప్‌కు సరుకందించే ప్యాకేజ్‌కిట్ జాబితా ఇంకొకటి. ఒకటి ఈ పొద్దుటిదైతే రెండోది నిన్నటిదో మొన్నటిదో. టెర్మినల్లో అన్నీ వేసేసుకున్నా, రెండోదానికి ఆ కబురు ఒక్కోసారి వెంటనే అందదు. ‘పీకేకాన్ రిఫ్రెష్ ఫోర్స్’ అని కొడితే అందుతుంది, నువ్వూ అంతర్ధానమవుతావు. అంత చిన్న మంత్రాన్ని నీ నోట ఎప్పుడూ చెప్పకపోవడం నీ వినయం. కుడిచేత్తో చేసిన దానం ఎడమచేతికి తెలియకూడదంటారు, ఆ ధర్మాన్ని నిలబెట్టినవాడివి.

రెండో మహిమ ఓర్పు నేర్పడం. ఉబుంటులో కొన్ని అప్‌డేట్లు విడతలుగా వస్తాయి. ముందు కొద్ది శాతం యంత్రాలకు ఇచ్చి, ఏమీ చెడలేదని తేలాక మిగతావాటికి ఇస్తారు. మంచి పద్ధతే. ఏ యంత్రం ఏ విడతలోకి వస్తుందో దాని మెషీన్ ఐడీని బట్టి తేలుతుంది. ఉబుంటు 21.04 నుంచి, టెర్మినల్లో వాడే ఆప్ట్ కూడా ఈ వరసను పాటిస్తోంది. అందుకే ‘ఆప్ట్ లిస్ట్’ అడిగితే సరుకు వచ్చిందని చూపిస్తుంది, ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ అంటే పక్కన పెట్టామంటుంది. కొత్తవాడు పాపం, ఏదో విరిగిపోయిందనుకుని రాత్రంతా కూర్చుని దాన్ని బలవంతంగా దించుతాడు. ‘నీ వంతు ఇంకా రాలేదు, ఊరికే ఉండు’ అన్న ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే వాడు పడుకునేవాడు. కానీ నిద్రపోయేవాడికి జ్ఞానమెట్లా అబ్బుతుంది?

మూడోది గడువు మహిమ. ‘ఈ యాప్ మూసేయండి, ఇంకా 13 రోజులుంది’ అని, ఉబుంటులో యాప్‌లను మోసుకొచ్చే స్నాప్ రూపంలో దర్శనమిస్తావు. భక్తుడు మూస్తాడు, వెంటనే మళ్లీ తెరుస్తాడు. మరునాడు ‘12 రోజులే’ అంటావు. స్నాప్ రోజుకు నాలుగుసార్లు తనంతట తాను చూసుకుంటుందనీ, ఆ వేళకు యాప్ తెరిచి ఉంటే వాయిదా వేసుకుంటుందనీ వాడికేం తెలుసు? యాప్ మూసి, టెర్మినల్లో ‘సుడో స్నాప్ రిఫ్రెష్’ అని కొడితే తీరిపోయే రుణం. నువ్వు మాత్రం చివరి రోజు దాకా గుర్తు చేయడమే తప్ప తీర్చే దారి చూపవు.

నీ దాతృత్వం మరో ఎత్తు. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికే ఇళ్లలో, అడగకుండానే సరుకు దించి పెడతావు. పిల్లోడు హాల్‌టికెట్ తెచ్చుకోవాలన్న పొద్దుకు డేటా అయిపోయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో ఆ వైఫైని ‘మీటర్డ్’ అని గుర్తు పెడితే నీ చెయ్యి కొంత ముడుచుకుంటుందని తెలిసినవాళ్లు తక్కువ.

అన్నిటికన్నా గొప్పది నీ వాచాలత. నిజానికి ఉబుంటులో ముఖ్యమైన భద్రతా అప్‌డేట్లను అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే సేవకుడు చప్పుడు కాకుండా వేసిపోతాడు. 2011 నుంచీ సుడోలో దాక్కుని, యంత్రం మీద ఖాతా ఉన్న ఎవరికైనా సర్వాధికారాలూ కట్టబెట్టగల లోపం 2021 జనవరిలో బయటపడింది. అట్లాంటివాటికి విరుగుడు వేసేది ఆ మూగవాడే. పని చేసేవాడు పలకడు, పలికేవాడివి నువ్వు. ఆ సేవకుడు పనిలో ఉన్నప్పుడు మనం ఆప్ట్‌ను కదిలిస్తే ‘లాక్ దొరకలేదు’ అంటుంది. కాసేపు ఆగితే చాలునని చెప్పవలసిన ఆ ఒక్క సమయంలో నువ్వు మౌనవ్రతం పాటిస్తావు.

మొన్న పొలం వన్‌బీ ప్రింటు కోసం మా దగ్గరకు వచ్చిన ఒక పెద్దాయన తెర వంక చూసి అడిగినాడు:

“ఏమబ్బా, నీ మిషను ఊరికే పిలుస్తాంది?”

“అప్‌డేట్ ఉందంట పెద్దనాయనా.”

“అయితే చేసుకో.”

“పోయి చూస్తే ఏమీ లేదంటాంది.”

“లేనిదానికి పిలిచేదెందుకురా?”

స్వామీ, నీ దగ్గర జవాబుంటే ఆయనకు చెప్పు. మా సీమలో పిలిచే దేవుడు ఎట్లుంటాడో ఆయనకు తెలుసు. అహోబిల నరసింహస్వామి సంక్రాంతి పండగప్పుడు పార్వేటకు బయలుదేరి, 40 రోజులకు పైగా ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలు తిరిగి, తన పెళ్లికి తానే జనాన్ని పిలుస్తాడు. ఏడాదికి ఒకసారి పిలుస్తాడు. ఫాల్గుణంలో పెళ్లి జరుగుతుంది. నువ్వు పూటకోసారి పిలుస్తావు, పందిరి కూడా కనబడదు.

ఇంత పిలిచి పిలిచి నువ్వు మాకు నేర్పిన విద్యలు రెండు: చదవకుండా మూసేయడం, చదవకుండా ఒప్పుకోవడం. మొదటిదాని ఫలం పరాయి గుళ్లో చూశాం. 2017 మార్చిలోనే మైక్రోసాఫ్ట్ విరుగుడు ఇచ్చినా వేసుకోని కంప్యూటర్లను మే నెలలో వానాక్రై అనే మాల్‌వేర్ లోకమంతా పట్టింది, మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లూ కొన్ని దాని బారిన పడ్డాయి. రెండోదాని ఫలం రోజూ చూస్తున్నాం. బ్రౌజర్లో ఏదో పాటల సైటుకు ‘అలౌ’ అన్న పాపానికి, విండోసే లేని యంత్రంలో విండోస్‌కు వైరస్ వచ్చిందని కబురొస్తుంది. 2020 డిసెంబరు 31తో అడోబీయే చాప చుట్టేసిన ఫ్లాష్ ప్లేయర్‌కు కొత్త అప్‌డేట్ వచ్చిందంటుంది. ఈ దొంగ స్వాములంతా నీ వేషమే వేసుకొస్తారు. నీ మాటకూ వాళ్ల మాటకూ తేడా తెలియని స్థితికి మమ్మల్ని తీసుకొచ్చిన ఘనత పూర్తిగా నీదే.

కాబట్టి చదువరులారా, ఈ స్వామికి దండం పెట్టండి గానీ మాట నమ్మకండి. నోటిఫికేషన్ మీద నొక్కకండి. నిజంగా అప్‌డేట్ ఉందో లేదో మీ అంతట మీరు, ఉబుంటులో అయితే టెర్మినల్ తెరిచి ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, ఆ తర్వాత ‘ఆప్ట్ లిస్ట్ --అప్‌గ్రేడబుల్’ అడగండి. విడతల్లో ఆగిందంటే వదిలేయండి. బూట్ విభాగం నిండిందంటే ‘ఆటోరిమూవ్’తో పాత కెర్నళ్లు తీసేయండి. రీస్టార్ట్ అడిగితే వర్ రన్ ఫోల్డర్లోని రీబూట్ రిక్వైర్డ్ డాట్ పీకేజీఎస్ ఫైలు చూసి, ఏ ప్యాకేజీ అడిగిందో తెలుసుకుని చేయండి. బ్రౌజర్ సెట్టింగ్స్‌లో సైట్లకిచ్చిన నోటిఫికేషన్ అనుమతులన్నీ ఈ రోజే పీకేయండి. పాస్‌వర్డ్ మాత్రం, మీరు మొదలుపెట్టని పనికి ఎవరడిగినా ఇవ్వకండి.